బ్రూనా ప్రార్థన ఆపిన రోజు

రబ్బీ షెమర్యా తన పుస్తకం మీద తన పేరు రాసుకోలేదు. రాసుకుంటే మనవలూ మునిమనవలూ దాన్ని చూసి ఛాతీ విరుచుకు తిరుగుతారనీ, ఆ గర్వం తాలూకు పాపం తను పోయాక కూడా తన మెడకే చుట్టుకుంటుందనీ ఆయన భయం. ఫలితంగా బింగెన్ ఊరి యూదుల్లో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లాడికి కూడా ఆ పుస్తకం ఎవరిదో తెలుసు, ఒక్క పుస్తకంలో మాత్రం ఆ సంగతి ఉండదు. అంత గొప్ప వినయం ఆయనది.

భక్తిగా బతకడం ఎలాగో చెప్పే పుస్తకం అది. పొద్దున లేస్తూనే ఏం తలుచుకోవాలో, వీధిలో ఆడమనిషి ఎదురైతే ఏ గోడ వంక చూడాలో, నవ్వు ముంచుకొస్తే ఎవరి చావు గుర్తు తెచ్చుకుని ఆపుకోవాలో అన్నీ అందులో ఉన్నాయి. చెప్పింది బుర్రకెక్కడానికి మధ్యమధ్య కథలు కూడా ఉన్నాయి. ‘ఒకానొక ఊరిలో ఒకానొక మనిషి’ అని మొదలవుతాయి. రాసినాయనకి పేరు లేనట్టే కథల్లో పాపులకూ పేర్లు లేవు. ఆ పాపాలు ఆయనకి ఎక్కడివి అంటే, చేసినవాళ్లే చాటుగా వెళ్లి ఆయన దగ్గర చెప్పుకునేవారు. ఆయన విని ప్రాయశ్చిత్తం విధించేవాడు. ఉపవాసాలు, కొరడా దెబ్బలు, చలికాలం నదిలో నిలబడటం. మన తాతల కాలంలో ఇలా మనిషి దగ్గరకి వెళ్లి పాపం ఒప్పుకోవడం లేదు, దేవుడికి చెప్పుకుంటే సరిపోయేది. ఈ కొత్త భక్తులు తెచ్చారు దీన్ని. అలా చెవిన పడ్డ పాపాల్లో రుచిగా ఉన్నవి ఏరి రబ్బీ షెమర్యా కథలు కట్టాడు.

ఆ పుస్తకం కుట్టింది బ్రూనా పేనిన దారంతోనే. గొర్రె పేగులు కడిగి, గీకి, ఎండబెట్టి సన్నటి దారం పేనడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. దానికి తోడు ఆమెకి మందిరంలో ఒక చోటు ఉంది. ఆడవాళ్ల గదికీ మగవాళ్ల హాలుకీ మధ్య గోడలో చిన్న కిటికీ. బ్రూనా దాని పక్కన నిలబడి, అవతల జరుగుతున్న ప్రార్థన విని, ఆడవాళ్లకు అర్థమయ్యే మాటల్లో పాడేది. మిగతావాళ్లు ఆమె వెనక అందుకునేవారు. విధవరాలు, పొరుగూరి నుంచి వచ్చిన మనిషి, అయినా ఆ చోట ఆమెను కాదనే వాళ్లు లేరు.

పొరుగింటి గుట్లాకి మాత్రం ఆ కిటికీ మీద ఎప్పటినుంచో కన్ను. “దేవుడు వినాలని పాడుతుందో, మనం వినాలని పాడుతుందో” అని బావి దగ్గర దెప్పుతూ ఉండేది. బ్రూనా విని ఊరుకునే రకం కాదు. “నీ గొంతు వింటే దేవుడే కిటికీ మూసుకుంటాడే గుట్లా” అనేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బ్రూనా బాతు మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ కుండలో సర్ది మూత చుట్టూ పిండి మెత్తుతోంది. పొద్దుగూకేలోపు కుండ రొట్టెలవాడి పొయ్యిలోకి చేరాలి, లేకపోతే నిప్పు ముట్టించకూడని విశ్రాంతి దినాన చల్లటి రొట్టె నమిలి కూర్చోవడమే. అప్పుడు కొడుకు యాకర్ ఎగురుకుంటూ వచ్చాడు. ఇరవై దాటినవాడు, రబ్బీ షెమర్యాకి ముద్దుల శిష్యుడు. గురువుగారి పుస్తకాన్ని గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసేది వాడే. చంకలో ఆ కట్ట ఉంది.

“అమ్మా, అయిపోయింది! ఆఖరి కథ కూడా రాసేశాను. రేపు మందిరంలో తోరా గ్రంథం చదవడం అయ్యాక అందరి ముందూ చదవమని గురువుగారు నాకే అప్పజెప్పారు. నాకే! ఆదివారం పడవలో మైంజ్‌కి పంపిస్తున్నారు. అక్కణ్ణించి వోర్మ్స్, ష్పయర్. ప్రతి ఊళ్లోనూ ఎత్తి రాసుకుంటారంట.”

“చేతులు కడుక్కో ముందు.”

“ముందు నువ్విది విను.”

వాడు బల్ల మీద తోలు కాగితం పరిచి, గురువుగారిలాగే కళ్లు సగం మూసుకుని చదివాడు. ఒకానొక ఊరిలో శత్రువులు శిలువలు పట్టుకుని వచ్చిపడిన రోజున, తల్లులు తమ పిల్లల మెడలు తామే కోసి, తమను తాము పొడుచుకుని, దేవుడి పేరు నిలబెట్టారు. ఒకానొక స్త్రీ మాత్రం చేతిలో కత్తి ఉండి కూడా, చంటిబిడ్డను చంకనేసుకుని బయటికి నడిచి, వాళ్ల బాప్తిస్మపు నీళ్లకు తల వంచింది. ఏడాది పాటు వాళ్ల రొట్టె తింది. తరువాత పారిపోయి మనవాళ్లను చేరి, ఒక పెద్దమనిషి దగ్గర తన పాపం ఒప్పుకుంది. ఆయన చెప్పినట్టు మంచు పగలగొట్టి నదిలో నిలబడింది. చివరకు ఆమె గుండె కరిగింది. ‘ఆ రోజు మళ్లీ వస్తే నా చేతులతో నేనే ఆ బిడ్డను కోస్తాను, వాడు బతికి ఉన్నందుకు రేయింబవళ్లు ఏడుస్తున్నాను’ అంది. పశ్చాత్తాపం అంటే ఇది, అని కథ ముగించాడు రబ్బీ షెమర్యా.

“ఎలా ఉంది?” అన్నాడు యాకర్.

బ్రూనా చేతిలో పిండి ముద్ద అలాగే ఉంది. “ఆ ఆఖరి మాట ఎవరు రాయమన్నారు?”

“గురువుగారు చెప్పారు, నేను రాశాను. కథకి ప్రాణమంతా అందులోనే ఉందన్నారు. కానీ నాకైతే అమ్మా, అది ఏడ్చినా జాలి కలగలేదు. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? ఆ రోజే చెయ్యాల్సిన పని చేసుంటే సరిపోయేది కదా. ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కడో బతికే ఉంటాడు, తింటూ తిరుగుతూ. దొంగ బతుకు. నేనే వాణ్ణయితే అలాంటి తల్లి మొహం చూసేవాణ్ణి కాదు.”

వాడు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు కూడా.

ఆ పిల్లాడు వాడే. ఆ సంగతి బింగెన్‌లో ఇద్దరికే తెలుసు, ఒకరు బ్రూనా, ఇంకొకరు రబ్బీ షెమర్యా. నాహె నది ఎగువన వాళ్ల పాత ఊళ్లో, వాడి తండ్రి గుమ్మంలో కత్తి దెబ్బలు తిని పడిపోతే, బ్రూనా లోపల కత్తి పట్టుకుని పిల్లాడి మీదికి వంగింది. పక్క గదిలో ఆమె తోడికోడలు తన ముగ్గురు పిల్లల్నీ అప్పటికే దేవుడి దగ్గరికి పంపించేసింది. వీడు కత్తి పిడి చేత్తో పట్టుకుని నవ్వాడు. అంతే. కొడుక్కి ఆమె చెప్పిన కథ వేరు. ద్రాక్షారసం పీపాలో దాక్కుని ఇద్దరం బతికి బయటపడ్డాం అని చెప్పింది. వాడు చిన్నప్పుడు ఆ పీపా కథ మళ్లీమళ్లీ చెప్పించుకునేవాడు.

ఊరికి తెలిస్తే తెలియనీ, కిటికీ పోతే పోనీ అనిపించింది ఆమెకి. ఆమె గుండెలో ముల్లులా దిగింది ఆ ఆఖరి మాట ఒక్కటే. ఎప్పుడో ఒకరోజు, ఎవరి నోటనో, ఆ పిల్లాడు తనే అని యాకర్‌కి తెలుస్తుంది. ఆ రోజు వాడు ఏం నమ్ముతాడు? నేను బతికున్నందుకు మా అమ్మ రేయింబవళ్లు ఏడ్చింది అని నమ్ముతాడు. తన సొంత చేత్తో రాసుకున్న మాట మరి.

కుండని అలాగే వదిలేసి ఆమె రబ్బీ షెమర్యా ఇంటికి పోయింది. ఆయన విశ్రాంతి దినానికి స్నానం చేసి, తెల్ల బట్టలు కట్టుకుని, గోడకి దగ్గరగా కూర్చుని ఉన్నాడు. ఆడమనిషి గొంతు వినగానే మొహం గోడకి తిప్పేశాడు.

“ఎవరమ్మా?”

“నదిలో నిలబెట్టినప్పుడు తెలిసింది, ఇప్పుడు తెలియట్లేదా అయ్యగారూ?”

“ఓహో, నువ్వా. సాయంత్రం అవుతోంది. క్లుప్తంగా చెప్పు.”

“ఆ కథలో ఆఖరి మాట నేను అన్లేదు.”

“నీ పేరు ఎక్కడైనా ఉందా అందులో?”

“పేరు సంగతి కాదు. నేను అన్లేదు ఆ మాట. మూడు చలికాలాలు ఆ నీళ్లల్లో నిలబడ్డాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నిలబడమన్నారు మీరు. ఏడాదికోసారి వచ్చి, రావట్లేదయ్యగారూ అని మీకే చెప్పాను. ఆఖరికి ఇక పో అన్నారు. అన్నారా లేదా?”

“అన్నాను.”

“మరి వచ్చిందని రాస్తారేం?”

రబ్బీ షెమర్యా గోడతోనే మాట్లాడాడు. “రావలసిన మాట అది. ఎప్పటికైనా వస్తుంది. నేను కాస్త ముందు రాశాను. అదీగాక, రాలేదని రాస్తే చదివినవాడికి ఏం బుద్ధి వస్తుంది? పాపం చేసి, హాయిగా బతికి, చచ్చిపోయింది అని రాయమంటావా?”

“అబద్ధం రాయడానికి ఏ ప్రాయశ్చిత్తం ఉందో మీ పుస్తకంలో?”

“నోరు అదుపులో పెట్టుకో.”

“వాడి చేతే రాయించారు. ఆ చంటివాడు ఎవరో తెలిసి కూడా వాడి చేతే.”

“వాడికి మంచిదే కదా,” అన్నాడాయన మెల్లగా, మందు పోస్తున్నంత దయగా. “తెలియకుండానే తన ప్రాయశ్చిత్తం తను చేసుకుంటున్నాడు.”

“వాడేం చేశాడని? పాలు తాగే పిల్లాడు!”

“బతికాడు కదమ్మా.”

ఈయన కాళ్ల దగ్గరా తను కూర్చుని కడుపులోది కక్కింది అనుకుంటే ఆమెకి అసహ్యం వేసింది, ఆయన మీదా, తన మీదా. ఈ మనిషి ముందు అరిచి ప్రయోజనం లేదని కూడా తెలిసింది.

“ఆ ఒక్క వాక్యం గీకెయ్యండి. మిగతాదంతా ఉండనివ్వండి, నేను అడ్డురాను. లేదంటే రేపు ప్రార్థన ఆపుతాను.”

మన ఊళ్లల్లో అది ఎవరికైనా ఉన్న హక్కు. అన్యాయం జరిగిందనుకున్నవాళ్లు, వినేవాడు లేనప్పుడు, విశ్రాంతి దినాన తోరా చుట్టలు దాచే పెట్టె ముందుకు వెళ్లి నిలబడొచ్చు. వాళ్ల గోడు తేలేదాకా పెట్టె తెరవడానికి లేదు, చదవడానికి లేదు, ఎవడూ ఇంటికి భోజనానికి పోవడానికి లేదు. బింగెన్‌లో మగవాళ్లు చాలాసార్లు ఆపారు, గొడ్డు గురించి, గోడ గురించి. ఆడమనిషి ఆపడం అరుదు గానీ తప్పని అనలేరు.

“ఆపు,” అన్నాడు రబ్బీ షెమర్యా. “ఆపి ఏం చెప్తావు? ఆ ఆడది నేనే అని చెప్తావా?” నవ్వు పాపం కాబట్టి ఆయన నవ్వలేదు.

మర్నాడు పొద్దున మందిరం కిటకిటలాడింది. కొత్త పుస్తకం చదువుతారని తెలిసి పక్క పల్లెల వాళ్లు కూడా వచ్చారు. బ్రూనా కిటికీ దగ్గర ఎప్పటిలాగే పాడింది. తోరా పెట్టె తెరిచే ముందు ఆమె పాట ఆపి, తలగుడ్డ సర్దుకుని, తలుపు వైపు నడిచింది.

“ఎక్కడికి వదినా? కడుపులో బాలేదా?” అంది గుట్లా.

“బాలేదు,” అంది బ్రూనా.

మగవాళ్ల హాల్లోకి ఆమె రావడం చూసి ముందు గుసగుసలు, తరువాత గోల మొదలైంది. ఆమె ఎవరి వంకా చూడకుండా నడిచి, పెట్టె తలుపులకి వీపు ఆనించి నిలబడింది.

“ప్రార్థన ఆపుతున్నాను.”

“ఏమిటీ విడ్డూరం! బయటికి నడు!”

“పేగులు కంపు కొడుతున్నాయిరా బాబూ, కాస్త దూరం జరగండి.”

“దారం డబ్బులు ఎవడైనా ఎగ్గొట్టాడేమో, ఇచ్చెయ్యండ్రా, ఆకలేస్తోంది!”

కొందరు నవ్వారు. న్యాయం చెప్పే ముసలాయన రబ్బీ ఎల్యకీం చేయెత్తాడు. చెవులు సగం, కళ్లు సగం మిగిలిన మనిషి, అయినా తప్పుని తప్పు అని అనగలడు. “ఆపే హక్కు ఆమెకుంది. నోళ్లు ముయ్యండి. చెప్పు తల్లీ, ఎవరి మీద?”

“రబ్బీ షెమర్యా మీద.”

ఈసారి నవ్వు లేదు. పుస్తకం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ యాకర్ మొహం కందగడ్డ అయింది. “అమ్మా, ఏంటిది? పరువు తీస్తున్నావ్. రా, ఇంటికి పోదాం రా.”

“నువ్వు ఆ ఆఖరి కథ చదువు,” అంది బ్రూనా.

“అమ్మా!”

“చదవమను,” అన్నాడు రబ్బీ ఎల్యకీం.

వాడు చదివాడు. నిన్నటిలా కళ్లు మూసుకోలేదు, గబగబా, కింద చూస్తూ చదివాడు. అయిపోగానే బ్రూనా అంది, “ఆ ఆడది నేను. ఆయన దగ్గర చాటుగా చెప్పుకున్నాను. ఆయన దాన్ని ఊరూరా పంపిస్తున్నాడు.”

కిటికీ అవతల ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి తొంగి చూశారు. గుట్లా “అమ్మో, మన చేత ఇన్నాళ్లు ప్రార్థన చేయించింది ఇదా!” అనడం మగవాళ్లందరికీ వినిపించింది. బ్రూనాకి దగ్గరగా కూర్చున్న మగవాళ్లు బల్ల మీద వెనక్కి జరిగారు. యాకర్ మాత్రం కదల్లేదు. వాడు పుస్తకం వంక చూశాడు, అమ్మ వంక చూశాడు, మళ్లీ పుస్తకం వంక చూశాడు. లెక్క తేలడానికి కాసేపు పట్టింది. ఆమెకి ఒక్కడే కొడుకు మరి.

రబ్బీ ఎల్యకీం షెమర్యా వైపు తిరిగాడు. “పాత పెద్దలు పెట్టిన వెలి నీకు గుర్తుంది కదా. బాప్తిస్మపు నీళ్లల్లోకి నెట్టబడి తిరిగి వచ్చినవాళ్లకి ఆ సంగతి ఎవడు గుర్తు చేసినా, ఎవడు ఎత్తి చూపినా, వాణ్ణి ఊళ్లోంచి వెలి వెయ్యాలి. ఎంత గొప్పవాడైనా సరే. నువ్వు రాసింది ఈమె కథేనా?”

“పుస్తకంలో పేరు లేదు.”

“నేను అడిగింది అది కాదు.”

“రాసినవాడి పేరు కూడా లేదు.”

“షెమర్యా, నా ముందు ఈ నాటకాలు వద్దు.”

బ్రూనాకి ఒళ్లు మండిపోయింది. “నా పేరు తీసేశాడు, తన పేరు తీసేశాడు. ఇక మిగిలింది ఏమిటయ్యా అందులో? నా పాపం ఒక్కటే మిగిలింది.”

రబ్బీ ఎల్యకీం గొంతు తగ్గించి, పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. “చూడు తల్లీ. నువ్వు పశ్చాత్తాపపడ్డావని ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతోంది. పశ్చాత్తాపపడినవాళ్లకి వెలి కంచె లాంటిది, ఎవరూ నిన్ను వేలెత్తి చూపకూడదు. అవునని ఒక్క మాట అను. పొద్దుగూకి విశ్రాంతి దినం అయిపోగానే ఆ వాక్యం గీకించేస్తాను. ఈయన నీ కాళ్ల దగ్గర క్షమాపణ అడిగి, గడప బయట కూర్చుంటాడు. నీ చోటు నీకుంటుంది. గుట్లా గానీ ఇంకెవరు గానీ ఈ మాట ఎత్తితే వాళ్లకీ అదే గతి.”

గెలుపు అంత దగ్గరగా వచ్చేసింది. బ్రూనా నోరు తెరిచింది. ఈలోగా రబ్బీ షెమర్యా లేచి నిలబడ్డాడు. ఈసారి గోడ వంక చూడలేదు, తిన్నగా ఆమె మొహంలోకే చూశాడు.

“ఒక్క ప్రశ్న అడగనివ్వండి. పశ్చాత్తాపం నిజమో కాదో తేల్చడానికి మనకున్న కొలత ఒక్కటే, మీకు తెలియంది కాదు. అదే సమయం, అదే చోటు, అదే అవకాశం మళ్లీ వస్తే మనిషి ఏం చేస్తాడన్నది. అడగండి ఆమెని. ఆ రోజు మళ్లీ వస్తే, చేతిలో కత్తి ఉంటే, ఆ బిడ్డని ఏం చేస్తుంది?”

ఆయనకి జవాబు తెలుసు. మూడు సార్లు విన్నాడు. ఆమె అబద్ధం ఆడదనే నమ్మకం మీదే ఆ ప్రశ్న వేశాడు, ఆమె నిజాయితీనే తాడు చేసి ఆమె మెడకి బిగించాడు. ఇది భక్తో ఏమిటో, నాకు ఈనాటికీ తెలియదు.

నిజానికి బ్రూనాకి అబద్ధం చేతకాదని ఏమీ లేదు. పీపా కథ ఏళ్ల తరబడి చెప్పిన నోరు అది. కోస్తాను అంటే చాలు. రెండు అక్షరాలు ఎక్కువ కూడా అక్కర్లేదు. జనం అంతా అదే వినాలని ముందుకు వంగి ఉన్నారు. రబ్బీ ఎల్యకీం అయితే తల ఊపి, అను తల్లీ అను అన్నట్టు సైగ చేస్తున్నాడు. యాకర్ పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకి అదుముకుని నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

“వాళ్ల నీళ్లకి తల వంచాను, దానికి ఏడ్చాను,” అంది బ్రూనా. “వాళ్ల రొట్టె తిన్నాను, ప్రతి ముద్దకీ ఉపవాసం ఉన్నాను. దేవుడికి వాటి గురించి ఎన్ని చెప్పుకోవాలో అన్నీ చెప్పుకున్నాను.”

“అది కాదు నేను అడిగింది,” అన్నాడు షెమర్యా. “ఆ బిడ్డని ఏం చేస్తావు?”

“ఎత్తుకుని బయటికి నడుస్తాను.”

“వాళ్ల దగ్గరికా?”

“వాళ్ల దగ్గరికే. ఎవడు బతకనిస్తే వాడి దగ్గరికి. వాడు బతికి ఉన్నందుకు నేను ఒక్క రోజు ఏడవలేదు. ఏడుస్తున్నానని రాయించినవాడి నోరు పడిపోను.”

హాలంతా కేకలు లేచాయి. పక్క పల్లె నుంచి వచ్చిన ముసలివాడొకడు, ఆ రోజుల్లో తన భార్యనీ ఇద్దరు కూతుళ్లనీ ఆ కథలో చెప్పినట్టే పోగొట్టుకున్నవాడు, లేచి నిలబడి “మరి మావాళ్లు పిచ్చివాళ్లా? మావాళ్లు పిచ్చివాళ్లా చెప్పు!” అని గొంతు చించుకుని అరిచాడు. అతని కళ్లలోకి బ్రూనా చూడలేకపోయింది.

గోల కాస్త తగ్గాక రబ్బీ షెమర్యా చేతులు చాపాడు. “చూశారుగా. నా కథలో స్త్రీ పశ్చాత్తాపపడింది. ఈమె పడలేదు. కాబట్టి నా కథలో స్త్రీ ఈమె కాదు. నేను ఈమెకి దేన్నీ గుర్తు చెయ్యలేదు. ఈమె గుట్టు ఈమే నలుగురిలో బయటపెట్టుకుంది.”

రబ్బీ ఎల్యకీం చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తప్పించే దారి వెతికాడనే అనుకోవాలి. దొరకలేదు. “వెలి నిన్ను కాపాడదు తల్లీ,” అన్నాడు చివరికి. “పుస్తకం జోలికి నేను పోలేను. జరుగు. పెట్టె తెరవనీ.”

“ఆ వాక్యం అబద్ధమని ఇప్పుడే అందరూ విన్నారు కదా!”

“అది వేరొకామె వాక్యం,” అన్నాడు షెమర్యా.

బ్రూనా పెట్టె ముందు నుంచి జరిగింది. ఆమె నడుస్తుంటే మగవాళ్లు అంచులు తగలకుండా తమ ప్రార్థన శాలువాలు దగ్గరికి లాక్కున్నారు. ఒకడు ఆమె వెనకాల నేల మీద ఉమ్మేశాడు, విశ్రాంతి దినం అని కూడా చూడకుండా. తలుపు దాటుతుండగానే కిటికీ అవతల గుట్లా గొంతు అందుకుంది, సంతోషం ఆపుకోలేక శ్రుతి మించి. ఆడవాళ్లంతా ఆమె వెనక అందుకున్నారు. రేపటినుంచి బ్రూనా దారంతో ఎవరూ తోరా కుట్టరు, ఆమె చేతి నీళ్లు ఎవరూ తాగరు. అది ఆమెకి మెట్లు దిగుతుండగానే తెలిసిపోయింది, ఏడుపు కూడా వచ్చింది. కిటికీ అంటే ఆమెకి ప్రాణం.

వెనక నుంచి పరిగెడుతున్న అడుగులు. యాకర్. పుస్తకం చేతిలో లేదు. శాలువా ఒక భుజం మీంచి జారి నేల మీద ఈడుస్తోంది. వచ్చి ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“పీపాలో దాక్కున్నామన్నావు.”

“అన్నాను.”

“చిన్నప్పట్నుంచీ నాకు అబద్ధం చెప్పావు.”

“చెప్పాను.”

“మరి ఇవాళ ఏం పోయేకాలం వచ్చిందమ్మా?” వాడి గొంతు కీచుగా లేచింది, వీధి చివర ఆవులు తోలుకుపోతున్నవాడు ఆగి చూశాడు. “ఇవాళ ఒక్క ముక్క అబద్ధమాడితే గెలిచేదానివి. ఆయన గడప బయట కూర్చునేవాడు. నీ చోటు నీకుండేది. కోస్తానని అనేస్తే పోయేది కదా! అంతమంది ఉన్నారు, అందరూ నమ్మేవాళ్లు! ఎందుకు అన్లేదు?”

బ్రూనా కొడుకు మొహం వంక చూసింది. ఇన్ని చదివినవాడికి ఇంత చిన్న సంగతి తెలియనందుకు ఆమెకి చెప్పలేనంత కోపం వచ్చింది.

“నువ్వు కూడా నమ్మేవాడివి కదరా,” అంది.